గ్రహాంతర దండయాత్రాకథలు: ఉపక్రమోపసంహార విచారము

ఆకాశమునుండి శత్రువు దిగివచ్చుట కావ్యలోకమునకు క్రొత్త గాదు. మహాభారతమున అరణ్యపర్వమందు సాళ్వుడు సౌభమను ఆకాశగామియగు పురము నెక్కి ద్వారకను ముట్టడించిన వృత్తాంతము కలదు. ఐనను ఆ సాళ్వుడు పేరును వంశమును గల రాజు. శిశుపాలుని వధకు ప్రతీకారము చేయవచ్చినవాడు. అతని కోపమునకు హేతువు ద్వారకావాసు లెఱిగినదే. ఇరుపక్షములవారికిని యుద్ధధర్మ మొక్కటియే గాన, దాని నతిక్రమించినవాడు ఉభయులచేతను నిందింపబడును. పందొమ్మిదవ శతాబ్దమున పాశ్చాత్యదేశములయందు పుట్టి నేటికిని పెరుగుచున్న గ్రహాంతర దండయాత్రాకథలయందు లోపించినది ఈ సామాన్యధర్మమే. వానియందలి శత్రువునకు సాధారణముగా మానవునిపై పగ లేదు. మానవుని పేరు తెలిసికొనవలెనను కోరికయు లేదు. పొలము దున్నువానికి చీమలపుట్టపై పగ యుండదు గదా.

ఈ కథలను పోల్చువారు తఱచుగా శత్రువుల రూపమును, ఆయుధములను, వారు చేసిన విధ్వంసమును వరుసగా లెక్కింతురు. ఒకచో ముక్కాలి యంత్రములు, ఒకచో పట్టణములపై నిలిచిన మహానౌకలు, వేఱొకచో మనుష్యుని పోలికను పొందు కాయలు. ఇవి కథకొక తీరున మారుచుండును గాన, వీనినిబట్టి చేసిన పోలిక పట్టికయే కాని విచారము కాదు. గ్రంథతాత్పర్యమును నిర్ణయించుటకు మీమాంసకులు ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి అను ఆఱు లింగములను చెప్పిరి. అందు మొదటిది ఈ కథలకు చక్కని కొలబద్ద. శత్రువు లేల వచ్చిరని కథ చెప్పునది ఉపక్రమము. వారు తుద కేమైరని చెప్పునది ఉపసంహారము. ఈ రెంటిని జోడించి చూచినచో, కథ చదువరిని భయపెట్టుటకే పుట్టినదో, లేక అతనిని తీర్పునకు నిలుపుటకు పుట్టినదో తేటపడును.

ఇట్టి కథలకు మూలపురుషుడు ఆంగ్లరచయిత ఎచ్. జి. వెల్సు అని చెప్పుట వాడుక. కాని ఈ కల్పనయొక్క బీజము అంతకు పెక్కేండ్ల పూర్వమే అమెరికాలో కనబడుచున్నది. వాషింగ్టన్ ఇర్వింగు 1809లో డీడ్రిక్ నికర్‌బాకర్ అను మాఱుపేరుతో న్యూయార్కు చరిత్రమను హాస్యగ్రంథమును ప్రకటించెను. అందు ప్రథమభాగము చివర, ఐరోపావారికి అమెరికా భూమిపై హక్కెట్లు కలిగెనను ప్రశ్న నెత్తికొని, ముందుగా కనుగొనుట, సేద్యము చేయుట, నాగరకత నేర్పుట, తుదకు నిర్మూలించుట అను హేతువులను ఒక్కొక్కటిగా వ్యాజస్తుతితో పొగడెను. వెంటనే ఒక యూహ నుంచెను. జ్ఞానమున మనుష్యులను మించిన చంద్రమండలవాసులు సూర్యకిరణములను కూడగట్టిన ఆయుధములతో భూమికి దిగివత్తురు. వారు తలలను చంకలయం దుంచుకొని తిరుగువారు; తలను భుజములపై మోయు మనుష్యుడు వారి కంటికి వికృతజంతువు. వారి మేనిచాయ పచ్చనిది. తెల్లని చర్మము వారికి రోత. మనుష్యులకు తోక లేకుండుటయు నొక లోపమే. కావున వారు భూమిని తమదిగా చాటించి, మనుష్యులను అరేబియా యెడారులకును లాప్లాండు మంచునేలలకును తోలుదురు. ఇట హక్కును గూర్చిన ప్రశ్న ఉపక్రమము. ఆ హక్కును తమపై ప్రయోగించినప్పుడు ఐరోపావారికి బదులు తోపకుండుట ఉపసంహారము. కిరణాయుధములును చంద్రమండలమును అర్థవాదములు మాత్రమే.

వెల్సు చేతిలో ఈ వ్యంగ్యము మహాభయానకముగా మారెను. దానికి రెండు పరిస్థితులు తోడ్పడినవి. ప్రష్యావారు ఫ్రాన్సును జయించిన 1871వ సంవత్సరముననే జార్జి చెస్నీ, ‘ది బ్యాటిల్ ఆఫ్ డార్కింగ్’ అను కథను తన పేరు చెప్పక ప్రకటించెను. ఆయన వంగదేశపు ఇంజనీరుల దళమునకు చెందిన సైనికోద్యోగి. జర్మనుభాష మాటలాడు సైన్యము ఇంగ్లండున దిగి, సర్రీ మండలమున ఆంగ్లేయులను చెల్లాచెదరు చేసినట్లు అందు వర్ణింపబడినది. దాని ననుసరించి అట్టి కథలు పెక్కులు పుట్టినవి. ఇది యొకటి. ఇటలీదేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లి 1877లో కుజగోళముపై గీతలవంటి చారలను చూచితినని చెప్పుటయు, అవి యెండిపోవుచున్న గ్రహమున బుద్ధిమంతులగు ప్రాణులు త్రవ్విన కాలువలని అమెరికావాడగు పెర్సివల్ లోవెల్ 1895లో గ్రంథము వ్రాయుటయు రెండవది. ఆ చారలు దృష్టిభ్రమయని తరువాత తేలినను, వానినుండి పుట్టిన కల్పన నిలిచిపోయెను.

వెల్సు నవలయైన ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ 1897లో ‘పియర్సన్స్ మ్యాగజైన్’ అను పత్రికయందు భాగములుగా వెలువడి, 1898లో పుస్తకమయ్యెను. సర్రీలోని వోకింగు చెంత హార్సెల్ మైదానమున లోహపుగొట్ట మొకటి ఆకాశమునుండి పడుట, దానినుండి వెడలిన కుజవాసులు ఉష్ణకిరణముతో జనులను దహించుట, ముక్కాలి యంత్రముల నెక్కి విషధూమమును చల్లుచు లండనుపై నడుచుట, మనుష్యుల నెత్తురును తమ నాళములలోని కెక్కించుకొని బ్రదుకుట అందలి కథ. ఐనను గ్రంథకర్త మొదటి యధ్యాయముననే చదువరిని ఆపి యొక మాట చెప్పును. కుజవాసులను మిక్కిలి కఠినముగా నిందించుటకు ముందు, మనుష్యజాతి జంతువులకును, ఐరోపావారు టాస్మేనియా ద్వీపవాసులకును చేసినదానిని స్మరింపవలెనని హెచ్చరించును. ఈ మాట అలంకారమునకై చేర్చినది గాదు. ఈ గ్రంథము తన సోదరుడు ఫ్రాంకు చెప్పిన తలపునకు రూపమని వెల్సు అంకితమున తెలిపెను. టాస్మేనియావారికి కలిగిన విపత్తును గూర్చి సోదరు లిరువురు మాటలాడుకొనుచు నడచినప్పు డీ తలపు పుట్టినది. కాబట్టి ఈ కథయొక్క ఉపక్రమము కుజగ్రహమున లేదు; టాస్మేనియాలో కలదు.

ఉపసంహారమును చూడవలెను. ఆంగ్లేయుల ఫిరంగులును, యుద్ధనౌకలును ఒకటిరెండు యంత్రములను కూల్చుటకు మించి కుజవాసులను నిలుపలేకపోయినవి. నిలిపినవి సూక్ష్మజీవులు. తరతరములుగా చచ్చుచు బ్రదుకుచు మానవులు సంపాదించుకొన్న రోగసహనశక్తి కుజవాసులకు లేకపోవుటచే వారు తమంత కూలిపోయిరి. నిర్జనమైన లండనులో తుది కుజవాసి చేయు ఆర్తనాదమును వినునప్పుడు కథకుని హృదయమున భయముతోపాటు దైన్యమును పుట్టును. భయానకము కరుణమున కొదుగు చోటది. మానవుని పరాక్రమముచేగాక ప్రకృతివశమున విజయము కలుగుట ఈ గ్రంథమునందలి అపూర్వత. సామ్రాజ్యబలము చాలలేదను తీర్పు ఆ ముగింపునందే యున్నది.

కాని ఈ ముగింపున చరిత్ర తలక్రిందు చేయబడినది. 1520లో స్పానిషువారితో వచ్చిన మశూచికము మెక్సికోలోని ఆజ్టెకులను రాజుతో సహా పొట్టనబెట్టుకొన్నది. అమెరికాఖండమున క్రొత్త రోగములు చంపినది వచ్చినవారిని గాదు, ఉన్నవారిని. వెల్సు కథలో రోగము ఆక్రమింపబడినవారి పక్షమున పోరాడెను. చరిత్రలో ఆక్రమించినవారి పక్షమున పోరాడెను. ఈ విపర్యయమును సరిదిద్దినవాడు అమెరికా రచయిత రే బ్రాడ్‌బరీ. ఆయన ‘ది మార్షియన్ క్రానికల్స్’ 1950లో వెలువడినది. అందు దండెత్తినవారు మనుష్యులు. నాలుగవ యాత్రవారు కుజగ్రహమున దిగునప్పటికి, మునుపటి మనుష్యులు తెచ్చిన ఆటలమ్మచే కుజవాసులు దాదాపుగా నశించి, వారి పట్టణములు పాడుపడియుండును. పిల్లలకు వచ్చిపోవు చిన్న రోగ మొక ప్రాచీన నాగరకతను తుడిచివేసెను. స్పెండరను పురావస్తుశోధకుడు దానిని సహింపలేక తోడివారినే చంపి, తానును చంపబడును. వెల్సు గ్రంథమును బ్రాడ్‌బరీ గ్రంథమును ప్రక్కప్రక్కల నుంచి చదివినవారికి, ఒక్క సూక్ష్మజీవి చోటు మార్చినంతనే కథయొక్క తీర్పంతయు మారుట కనబడును.

వెల్సు కథ వెలువడుచున్న 1897లోనే, ఆయనతో సంబంధము లేకయే, జర్మనీయందు కుర్ద్ లాస్విట్జు ‘ఔఫ్ ట్స్వై ప్లానేటెన్’, అనగా ‘రెండు గ్రహములపై’ అను నవలను ప్రకటించెను. గోథాపట్టణమున పాఠశాలోపాధ్యాయుడైన లాస్విట్జు కాంటు తత్త్వము నభ్యసించినవాడు. ఆయన కుజవాసులు రక్తపాయులు గారు. జ్ఞానమునను నీతియందును మనుష్యులకన్న పైమెట్టున నున్నవారు. ఉత్తరధ్రువమునకు విమానగోళములో పోయిన శాస్త్రజ్ఞులకు అచ్చట కుజవాసుల స్థావరము కనబడును. ఆరంభమున స్నేహము, తరువాత ఆంగ్లనౌకతో కలహము, దానినుండి యుద్ధము. ఆంగ్లనౌకాబలము నోడించి, కుజవాసులు ఐరోపాఖండమును తమ సంరక్షణ క్రిందికి తెచ్చి, మనుష్యులకు శిక్షణ నొసగ బూనుదురు. అధికారము చేజిక్కినకొలది నీతిమంతులగు ఆ సంరక్షకులే నిరంకుశులగుదురు. తుదకు మనుష్యులు సంఘటితులై యెదిరించి, కుజవాసుల విద్యలనే నేర్చి, సమానులుగా సంధి చేసికొందురు. మంచి యుద్దేశముతో వచ్చిన పాలకుడును పాలనముచే చెడుననుట ఈ కథకు ఫలము. వెల్సు కథలో ఓడిపోవుచున్నది బలము. లాస్విట్జు కథలో ఓడిపోవుచున్నది ‘నీ మేలుకొఱకే నిన్నేలుచున్నాను’ అను వాదము.

ఈ రెండు గ్రంథములకును నడుమ మూడవదొకటి కలదు. 1898 ఆరంభమున గారెట్ సర్విస్ న్యూయార్కు పత్రికలో ‘ఎడిసన్స్ కాంక్వెస్ట్ ఆఫ్ మార్స్’ అను కథను వ్రాసెను. వెల్సు అనుమతి లేక అమెరికాలో మార్చి ప్రకటించిన పాఠమునకిది తరువాయి. ప్రసిద్ధుడగు ఎడిసను ఒక విధ్వంసకాయుధమును నిర్మించి, నావలదళముతో కుజగ్రహమునకే పోయి, అచ్చటి కాలువల నీటిచే ఆ దేశములను ముంచివేయును. వెల్సు వేసిన ప్రశ్న ఇందు మాయమైనది. పరాజయము చెప్పిన పాఠమును వినక, పగ తీర్చుకొనుటయే ఫలమైనది. ఒకే వస్తువు ఆత్మపరీక్షకును, ఆత్మస్తుతికిని సమానముగా పనికివచ్చునని దీనివలన తెలియుచున్నది.

1938 అక్టోబరు 30వ తేదీని ఆర్సన్ వెల్సు వెల్సు నవలను రేడియోనాటకముగా ప్రసారము చేసెను. కుజవాసులు సర్రీకి బదులు న్యూజెర్సీలోని గ్రోవర్స్ మిల్ అనుచోట దిగిరి. దేశమంతయు భీతిల్లి వీథుల పడెనని పత్రికలు వ్రాసినవి. ఆ వ్రాతలు మిక్కిలి పెంచినవని తరువాతి పరిశోధకులు చూపిరి. వార్తలవలె వినిపించిన ఆ నాటకమున చదువరిని ప్రశ్నించు టాస్మేనియా ప్రస్తావమునకు చోటు దొరకలేదు. భయము మిగిలినది, ప్రశ్న జాఱిపోయినది.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత దండయాత్రయొక్క రూపు మాఱెను. జాక్ ఫిన్నీ ‘ది బాడీ స్నాచర్స్’ అను నవల 1955లో పుస్తకరూపమున వచ్చినది. ఇందు సైన్యములు లేవు. ఆకాశమునుండి కొట్టుకొనివచ్చిన కాయలు, నిద్రించుచున్న మనుష్యుని పోలికను పొంది అతని స్థానము నాక్రమించును. రూపము, గొంతు, జ్ఞాపకములు అన్నియు నవే. అనురాగ మొక్కటి యుండదు. ఇరుగుపొరుగువారే శత్రువులగుదురు. తుదకు కొందఱు వదలక ఎదిరించుటచే ఆ కాయలు భూమిని విడిచి పైకెగిరిపోవును. దీనిని సామ్యవాదభీతికి సంకేతముగా కొందఱును, అందఱు నొకే మూసలో పడిపోవు అమెరికా సమాజమునకు సంకేతముగా కొందఱును వ్యాఖ్యానించిరి. రెండును పొసగుటయే ఈ కథలోని బలమును, అపాయమును గూడ. శత్రువు దూరగ్రహవాసియైనప్పుడు చదువరి తన జాతి చరిత్రను తలచుకొనును; శత్రువు పొరుగింటివాడైనప్పుడు అనుమానమునే నేర్చుకొనును.

అంతకు రెండేండ్లు ముందు, 1953లో, ఆర్థర్ సి. క్లార్కు ‘చైల్డ్‌హుడ్స్ ఎండ్’ అను నవలను ప్రకటించెను. ఇది లాస్విట్జు మార్గమును మఱియొక మెట్టు సాగించినది. మహానగరములపై నౌకలు వచ్చి నిలుచును, బాణమైనను వేయబడదు. కరెల్లెన్ అను అధిపతి యాజ్ఞచే యుద్ధములు, దారిద్ర్యము, జంతుహింస మాయమగును. ఏబది యేండ్లవఱకు ఆ ప్రభువులు తమ రూపమును చూపరు. చూపినప్పుడు కొమ్ములును ఱెక్కలును తోకయు గల సైతానువలె నుందురు. వారి పాలనమున సుఖమున్నది, కాని క్రొత్త కళ పుట్టదు, క్రొత్త యన్వేషణము సాగదు. తుదకు మనుష్యుల పిల్లలు వేఱొక మహాచైతన్యమున లీనమై పోవుదురు; భూమియే కరగిపోవును. ఆ ప్రభువులును అంతకు మించిన శక్తికి సేవకులే. ఇట ఉపక్రమము రక్షణము, ఉపసంహారము జాతినాశము. ఇది మోక్షమా, మరణమా అన్న నిర్ణయమును గ్రంథకర్త చదువరికే విడిచెను.

ఈ పరంపరయందు ఇటీవలి మహాగ్రంథము చీనాదేశమునుండి వచ్చినది. ల్యూ త్సిషిన్ వ్రాసిన ‘శాన్ తి’, అనగా ‘త్రిశరీరము’ అను నవల 2006లో పత్రికయందును, 2008లో పుస్తకముగాను వెలువడి, ఆంగ్లానువాదమునకు 2015లో హ్యూగో బహుమానమును పొందెను. దీని ఉపక్రమము 1967నాటి సాంస్కృతిక విప్లవము. భౌతికశాస్త్రాచార్యుడగు తండ్రిని జనసభలో కొట్టి చంపుటను యె వెన్‌జియె కన్నులార చూచును. మనుష్యజాతి తన్ను తాను దిద్దుకొనజాలదని నిశ్చయించుకొని, పిదప ఒక రహస్యస్థావరమునుండి నక్షత్రలోకమునకు సందేశమంపును. మూడు సూర్యుల నడుమ నలుగుచున్న ఆ లోకమునుండి శాంతికాముకుడొకడు, బదు లీయవలదని ముందే హెచ్చరించును. ఐనను ఆమె బదులిచ్చి వారిని పిలుచును. శత్రువును ఆహ్వానించినది మానవుని క్రూరత్వమే. నాలుగువందల యేండ్లకుపైగా ప్రయాణింపవలసిన ఆ సేన రాకముందే, సూక్ష్మయంత్రములచే భూమిపై విజ్ఞానాభివృద్ధి నరికట్టబడును. మనుష్యులు పురుగులని వారు సందేశమంపుదురు. నిరాశులైన శాస్త్రజ్ఞుల నిరువురిని రక్షకభటోద్యోగి యొకడు మిడుతలు క్రమ్మిన పొలమునకు తీసికొనిపోయి, మనుష్యుడెన్ని మందులు చల్లినను పురుగులు నేటికిని ఓడలేదని చూపును. మొదటి సంపుటము ముగియబోవు ఘట్టమున ఈ తలపు వచ్చుచున్నది. వెల్సు కథలో మానవుని రక్షించినది అల్పజీవి; ల్యూ కథలో మానవుడే అల్పజీవి. శతాబ్దమునకు పైబడిన యెడమున ఆ రెండు ముగింపులును ఒకదాని నొకటి చూచుకొనుచున్నవి.

ఇంతవఱకు చూచిన కథలను ముగింపునుబట్టి విభజించినచో మూడు తెగలు తేలును. ఇర్వింగు, వెల్సు, బ్రాడ్‌బరీ చదువరి జాతిని తీర్పునకు నిలిపిరి. లాస్విట్జు, క్లార్కు దయతో కూడిన పాలనమును పరీక్షించిరి. సర్విసును, నాటకరూపమున వచ్చిన వెల్సు కథయు, ఒక విధముగా ఫిన్నీయు శత్రుభయమును మిగిల్చిరి. ల్యూ గ్రంథము మొదటి తెగకు దగ్గఱిది. కాని అందు దోషి పరదేశములను జయించిన జాతి గాదు, తనవారినే హింసించిన జాతి.

చదువరి యెచ్చట నిలిచి చదువుచున్నాడన్నదియు ఈ విచారమున చేరవలెను. వెల్సు నవల లండనులో భాగములుగా వెలువడుచున్న 1897 జూనులోనే విక్టోరియా రాణి వజ్రోత్సవము ఆ నగరమున వైభవముగా జరిగెను. అదే యేట బొంబాయిరాష్ట్రమున మహామారి చెలరేగుచుండెను. దత్తమండలములతో సహా హిందూదేశమున పెక్కుచోట్ల క్షామము వ్యాపించియుండెను. లండను చదువరికి ఆ నవల రాబోవు దుస్స్వప్నము. ఏలబడుచున్న దేశముల చదువరికి అది యింతకుమునుపే జరిగినదానిని తెలిసిన భాషలో తిరిగి చెప్పుట. ఒకే కథ ఒకనికి భయానకము, ఇంకొకనికి అనుభవము.

ఇట వెల్సు పడిన పొరపాటొకటి గమనింపదగినది. టాస్మేనియావారు నిశ్శేషముగా నశించిరని ఆయన వ్రాసెను. 1876లో ట్రుగనీనియను స్త్రీ మరణించినప్పుడు ఆమెయే ఆ జాతికి తుదివ్యక్తియని ఆంగ్లేయులు చాటించుటచే, ఆ కాలమువారందఱు నట్లే నమ్మిరి. అది నిజము గాదు. ఆ ద్వీపవాసుల సంతతివారు నేటికిని టాస్మేనియాయందు కలరు. తమ భాషను తిరిగి కూర్చుకొనుచున్నారు. జాలితో వ్రాసినవాడు సైతము వారిని లెక్కనుండి తీసివేసెను. దండెత్తివచ్చినవారు వ్రాసిన లెక్కకు బయట నిలిచి బ్రదికినవారే ఈ కథలన్నిటికిని మిగిలియున్న ఉపసంహారము.